చేజారిన కాఫీ గ్లాసు

ప్రశ్న: మాది పుత్తూరు దగ్గర పల్లె. మా అమ్మాయికి పదిహేడేళ్ళు. తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. దసరా సెలవులకు ముందు, పరీక్ష రోజు ఉదయం పళ్ళు తోముకుంటూ పడిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకుందని హాస్టల్ నుంచి ఫోన్ చేశారు. నీరసం అనుకున్నాం. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు, రాత్రి చాలాసేపు మేలుకుని ముగ్గులు పెట్టిన మర్నాడు ఉదయం మా కళ్ళ ముందే మళ్ళీ వచ్చింది. చేతిలో తాళాల గుత్తి పెట్టాం, పళ్ళ మధ్య చెంచా పెట్టాం. ఊళ్ళో వైద్యుడు మూర్ఛకు మాత్రలు రాసిచ్చారు. పదిహేను రోజులు వేసి, మగతగా ఉందంటే ఆపేశాం. పుత్తూరులో డాక్టరుగారు తిరుపతి వెళ్ళి న్యూరాలజిస్టుకు చూపించమన్నారు. మా బావగారు అది పిచ్చి డాక్టరని, వెళ్ళినట్టు తెలిస్తే పిల్లకు సంబంధాలు రావని అంటున్నారు. నాకేమో తల కోసి ఆపరేషన్ చేస్తారేమోనని భయం. ఎముక విరిగితే ఎక్కడికి వెళ్ళాలో మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. నరాల డాక్టరంటే ఎవరో, ఏం చేస్తారో ఎవరికీ తెలియదు. మా మామగారికి ఏడాదిగా కుడిచేయి వణుకుతోంది. ఆయన్నీ అదే డాక్టరు చూస్తారా? పిల్లకు ఈ మధ్య అశ్రద్ధ కూడా ఎక్కువైంది. పొద్దున్నే కాఫీ గ్లాసు చేతిలోంచి జారవిడుస్తోంది, తిట్టినా మారడం లేదు.
– ఒక తల్లి, పుత్తూరు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతిని మీరు చిట్టచివర, ఒక ఫిర్యాదులా రాశారు. పొద్దున్నే కాఫీ గ్లాసు జారిపోవడం. దాన్ని అశ్రద్ధ అనుకోకండి. ఆ మాట మీద పిల్లను ఇక తిట్టకండి. తిరుపతిలో న్యూరాలజిస్టు ముందు కూర్చున్నప్పుడు మొట్టమొదట చెప్పవలసింది అదే. ఎందుకో వివరంగా చెబుతాను. దానికి ముందు మీ బావగారి అనుమానం తీరాలి. ఇంట్లో పెద్దవారు సరేనంటేనే మీ ప్రయాణం సాగుతుందని నాకు తెలుసు.

తికమక అంతా ‘నరం’ అన్న మాటలోనే ఉంది. సూది వేసేటప్పుడు నర్సు ‘నరం దొరకడం లేదు’ అంటే అది రక్తనాళం. మెడ తిరగకపోతే ‘నరం పట్టింది’ అంటాం, అది చాలావరకు కండరం. బస్టాండు గోడల మీద ‘నరాల బలహీనత’ అని పెద్ద అక్షరాలతో కనిపించే ప్రకటనల సంగతి వేరు, వాటికీ నరాలకూ సంబంధమే లేదు. న్యూరాలజిస్టు చూసేది మెదడును, వెన్నుపామును, అక్కడినుంచి బయలుదేరి కాలి వేళ్ళ దాకా పాకే నాడులను, ఆ నాడుల మాట విని కదిలే కండరాలను. మనసుకు వచ్చే జబ్బులు చూసేవారు సైకియాట్రిస్టు. ఆయన దగ్గరకు వెళ్ళడం కూడా సిగ్గుపడవలసిన పని కాదు, కానీ మీ అమ్మాయికి రాసిచ్చిన చీటీ అక్కడికి కాదు. తలకూ వెన్నుకూ ఆపరేషన్లు చేసేవారు న్యూరోసర్జన్. న్యూరాలజిస్టు చేతిలో కత్తి ఉండదు. ఆయన ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ళు జనరల్ మెడిసిన్‌లోనో పిల్లల వైద్యంలోనో ఎండీ చేసి, ఆ తర్వాత ఇంకో మూడేళ్ళు ఈ ఒక్క శాఖనే చదివిన డాక్టరు. బోర్డు మీద డీఎం న్యూరాలజీ అని ఉందో లేదో చూసుకోండి. మీ బావగారికి కూడా ఆ బోర్డు చూపించండి.

ఇక గ్లాసు సంగతి. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్య పిల్లల్లో మొదలయ్యే ఒక రకం మూర్ఛ ఉంది. దాని పేరు జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ. నిద్రలేచిన గంట రెండు గంటల్లోపు చేతులు ఉలిక్కిపడినట్టు ఒక్కసారి ఎగురుతాయి. క్షణం పని. స్పృహ ఉంటుంది, నొప్పి ఉండదు. చేతిలో ఏది ఉంటే అది ఎగిరి పడుతుంది. పళ్ళు తోముకునే బ్రష్షు, దువ్వెన, కాఫీ గ్లాసు. ఇంట్లో వాళ్ళు చేతిలో పట్టు లేదంటారు, పిల్ల కూడా తన తప్పే అనుకుని ఊరుకుంటుంది. కొన్ని నెలలకో ఏడాదికో, సరిగా నిద్రలేని ఒక రాత్రి తర్వాత, పెద్ద ఫిట్స్ వస్తుంది. అప్పుడు ఆసుపత్రికి పరిగెడతారు. డాక్టరు ఫిట్స్ గురించి అడుగుతారు, మీరు ఫిట్స్ గురించి చెబుతారు. గ్లాసు మాట ఎవరికీ గుర్తు రాదు.

మీ అమ్మాయికి రెండుసార్లూ ఉదయమే వచ్చింది. ఒకటి పరీక్ష కోసం మేలుకున్న రాత్రి తర్వాత అయి ఉండాలి, రెండోది ముగ్గుల రాత్రి తర్వాత. ఉత్తరం చూసి జబ్బుకు పేరు పెట్టడం తప్పు, నేను పెట్టడం లేదు. పరీక్షించిన డాక్టరే ఆ పని చేయాలి. కానీ ఈ మూడు సంగతులూ ఒకేచోట చెబితే ఏ న్యూరాలజిస్టయినా కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంటారు. ఈ రకం మూర్ఛలో కార్బమజెపైన్, ఫెనిటాయిన్ వంటి మాత్రలు చేతుల ఎగురుపాటును పెంచవచ్చు. మిగతా రకాల్లో ఎందరికో మేలు చేసిన మందులే అవి. అంటే మాత్ర మంచిదా చెడ్డదా అన్నది కాదు, ఏ మూర్ఛకు ఏ మాత్ర అన్నదే అసలు ప్రశ్న. ఊళ్ళో రాసిచ్చిన మాత్రల అట్టముక్క ఇంట్లో ఎక్కడో పడి ఉంటుంది. వెతికి వెంట తీసుకెళ్ళండి. ఆ మాత్రలకు ముందు గ్లాసు జారడం ఉందా, వేసుకున్నాక ఎక్కువైందా, ఆపేశాక ఎలా ఉంది, ఇవి తెలియాలి.

ఇంకో మనిషి సాయం మీకు కావాలి. దసరా ముందు ఆ ఉదయం హాస్టల్లో మీ అమ్మాయి పక్కన ఎవరున్నారు? ఆ గదిలో ఉండే పిల్లకు ఫోన్ చేయండి. ఫిట్స్ వచ్చిన మనిషికి ఏం జరిగిందో గుర్తుండదు, మీరేమో అక్కడ లేరు. చూసిన కళ్ళు ఆ అమ్మాయివే. పడే ముందు చేతులు ఎగిరాయా? అరిచిందా? రెండు పక్కలా ఒకేలా కొట్టుకుందా, లేక మొదట ఒక చేయి, ఒక పక్క నోరు లాగిందా? కళ్ళు తెరిచి ఉన్నాయా? నాలుక కొరుక్కుందా, బట్టలు తడిశాయా? ఎంతసేపు? తర్వాత ఎంతసేపటికి మనుషుల్ని గుర్తుపట్టింది? కళ్ళు తిరిగి పడిపోయిన పిల్లకూ మూర్ఛ వచ్చిన పిల్లకూ తేడా చాలాసార్లు ఈ జవాబుల్లోనే తేలుతుంది. నేను ఓపీలో ఉన్న రోజుల్లో తండ్రీ తల్లీ పెద్ద ఫైలు పట్టుకుని వచ్చేవారు. అందులో మూడు స్కానింగులు ఉండేవి. ఫిట్స్ వచ్చినప్పుడు చూసిన మనిషి మాత్రం ఇంటి దగ్గరే ఉండిపోయేది. వరండాలో నిలబడి ఊరికి ఫోన్ కలిపి ఆ నాయనమ్మతోనో పక్కింటామెతోనో మాట్లాడేవాణ్ణి. పది నిమిషాల ఆ మాటలు ఫైలంతటి కంటే ఎక్కువ చెప్పిన రోజులు ఎన్నో ఉన్నాయి. మళ్ళీ ఎప్పుడైనా వస్తే, పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టాక, ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీయండి. అది తప్పు కాదు. డాక్టరుకు అంతకంటే మంచి కానుక లేదు.

గదిలోకి వెళ్ళాక ఏం చేస్తారో కూడా చెబితే మీ భయం కొంత తగ్గుతుంది. మీరు గుమ్మం దాటి వస్తున్నప్పుడే ఆయన పిల్ల నడక చూస్తారు. చాలాసేపు అడుగుతారు, వింటారు. పుట్టుక ఎలా జరిగింది, చిన్నప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయా, తలకు దెబ్బ తగిలిందా, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఉందా అని అడుగుతారు. మేనరికం గురించి కూడా అడగవచ్చు, తప్పుగా తీసుకోకండి. తర్వాత చీకటిలో చిన్న లైటుతో కంటి అడుగుభాగం చూస్తారు, అక్కడినుంచే మెదడులో ఒత్తిడి పెరిగిందో లేదో తెలుస్తుంది. రబ్బరు సుత్తితో మోకాలి చిప్ప కింద తడతారు, కాలు దానంతటదే ముందుకు ఎగురుతుంది. శ్రుతిదండాన్ని మోగించి చీలమండ ఎముక మీద పెట్టి, జుమ్మని తెలుస్తోందా అని అడుగుతారు. అరికాలి అంచు వెంబడి తాళం చెవి మొన లాంటిదానితో గీస్తారు. పెద్దవారిలో బొటనవేలు కిందికి వంగాలి, పైకి లేస్తే మెదడులోనో వెన్నుపాములోనో దారి దెబ్బతిన్నట్టు. 1896లో బాబిన్‌స్కీ అనే ఫ్రెంచి డాక్టరు దీన్ని ప్రపంచానికి చెప్పారు. ఇన్ని యంత్రాలు వచ్చాక కూడా ఆ గీత గీయకుండా న్యూరాలజీ పరీక్ష పూర్తి కాదు. చూడండి, తాళం చెవికి మూర్ఛతో ఉన్న నిజమైన సంబంధం అరికాలి దగ్గరే. చేతిలో పెట్టిన ఇనుముకు ఫిట్స్‌ను ఆపే శక్తి లేదు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. మీరు తాళాల గుత్తి వెతికి తెచ్చేసరికి ఆగుతాయి, పుణ్యం తాళాల గుత్తికి దక్కుతుంది.

పరీక్షల్లో మొదటిది ఈఈజీ. తల మీద అక్కడక్కడ జిగురు పెట్టి సన్నని తీగలు అంటిస్తారు. ఆ తీగల్లోంచి తలలోకి కరెంటు పోదు. మెదడే పుట్టించే అతి సన్నని విద్యుత్తును అవి బయటికి తెచ్చి గీతలుగా చూపిస్తాయి. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మెదడు నుంచి తొలిసారి ఆ గీతలు తీశారు, 1929లో ప్రకటించారు. ముందురోజు పిల్లకు తలంటి, నూనె పెట్టకుండా తీసుకెళ్ళండి. గట్టిగా ఊపిరి పీల్చమంటారు, కళ్ళ ముందు లైటు మిణుకుమిణుకుమని వెలిగిస్తారు. కొన్నిసార్లు రాత్రి తక్కువ నిద్రపోయి రమ్మంటారు. వాళ్ళు చెబితేనే అలా చేయండి, మీ అంతట మీరు మేల్కొలపకండి. గీతలు మామూలుగా వచ్చినంత మాత్రాన మూర్ఛ లేదని కాదు. ఆ అరగంటలో మెదడు ప్రశాంతంగా ఉందని మాత్రమే దాని అర్థం.

ఎంఆర్ఐ తీయమంటే తీయించండి. అది పెద్ద అయస్కాంతం, చెవులు హోరెత్తే చప్పుడు చేస్తుంది. కమ్మలు, పట్టీలు, ముక్కుపుడక ఇంట్లోనే తీసి పెట్టండి. మెదడులో మచ్చగానీ గడ్డగానీ ఉందా అని చూడటానికి అది. మన దేశంలో తరచుగా కనిపించే ఒక కారణం బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో ఏర్పడే చిన్న తిత్తి. పంది మాంసం ముట్టని ఇళ్ళలోనూ వస్తుంది, ఎందుకంటే ఆ గుడ్లు మనిషి మలంతో కలుషితమైన నీళ్ళ ద్వారా, సరిగా కడగని ఆకుకూరల ద్వారా లోపలికి వెళతాయి. అది ఉంటే దాని వైద్యం వేరు. మెడికల్ షాపులో నులిపురుగుల మాత్ర అడిగి వేయడం మాత్రం చేయకండి. మెదడులో తిత్తి ఉన్నప్పుడు ఆ మందు డాక్టరు కళ్ళెదుట, వాపు తగ్గించే మందులతో కలిపి వాడవలసింది.

మాత్రల దగ్గర మీరు చేసిన పొరపాటు చెప్పాలి. కోపగించుకోకండి. పదిహేను రోజులు వేసి ఒక్కసారిగా ఆపేశారు. మూర్ఛ మాత్రలు అలా ఆపితే ఫిట్స్ ఆగకుండా ఒకదాని మీద ఒకటి వచ్చే ప్రమాదం ఉంది. మగత చాలామందికి మొదటి వారాల్లో ఉంటుంది. అది తగ్గకపోతే డాక్టరుతో చెప్పి మోతాదు మార్పించుకోవాలి, లేదా మందే మార్పించుకోవాలి. మీ అమ్మాయి విషయంలో ఇంకో మాట గట్టిగా అడగండి. వాల్‌ప్రోయేట్ అనే మందు ఈ రకం మూర్ఛకు బాగా పనిచేస్తుంది, కానీ గర్భంలో బిడ్డకు హాని చేస్తుంది. అందుకే ఆడపిల్లలకు వీలైనంతవరకు వేరే మందుతో మొదలుపెడతారు. ‘మా అమ్మాయికి రేపు పెళ్ళి, పిల్లలు, అది ఆలోచించి రాయండి’ అని నోరు తెరిచి చెప్పండి. అలా అడిగినందుకు ఏ మంచి డాక్టరూ చిన్నబుచ్చుకోరు. ప్రపంచంలో మూర్ఛ ఉన్నవారు సుమారు 5 కోట్ల మంది. సరైన జబ్బు గుర్తించి సరైన మందు వాడితే వారిలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉద్యోగం చేస్తారు, పిల్లల్ని కంటారు, పొలం చూసుకుంటారు. వారి మాత్రల డబ్బా మీకు కనిపించదు, అంతే.

మళ్ళీ వస్తే ఏం చేయాలో ఇంట్లో అందరికీ, హాస్టల్ వార్డెనుకూ, గదిలో పిల్లలకూ చెప్పి ఉంచండి. పొయ్యి, గచ్చు అంచు, మెట్లు వంటివాటికి దూరంగా జరపాలి. తల కింద మెత్తనిది ఏదైనా పెట్టాలి. మెడ దగ్గర చున్నీ వదులు చేయాలి. కొట్టుకోవడం తగ్గగానే ఎడమ పక్కకో కుడి పక్కకో తిప్పితే నోట్లో చొంగ బయటికి పోతుంది. కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకోకూడదు. నోట్లో చెంచా గానీ గుడ్డ గానీ వేలు గానీ పెట్టకూడదు. మీరు పెట్టిన చెంచా పన్ను విరగ్గొట్టి, ఆ ముక్క గొంతులోకి పోయి ఉంటే ఏమయ్యేది? పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్ళు కూడా పోయకూడదు. గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే రెండోది వచ్చినా 108కి ఫోన్ చేయండి. డాక్టరును చూసేదాకా స్నానాల గదికి లోపల గడియ వద్దు. బావిలో ఈత వద్దు, పిట్టగోడ లేని మేడ మీద చదువు వద్దు, స్కూటీ వద్దు. పరీక్షల రోజుల్లోనైనా పిల్లకు రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర కావాలని, తెల్లవారుజామున లేపవద్దని హాస్టల్‌కు డాక్టరు చేత చీటీ రాయించండి. ఈ చీటీ మందు చీటీతో సమానం. అలిపిరి మెట్లెక్కుతానని మొక్కుకుని ఉంటే ఎక్కనివ్వండి, కానీ రాత్రంతా మేలుకుని 3550 మెట్లు ఎక్కే మొక్కు వద్దు. నిద్రపోయి, పగటిపూట, తోడుతో, మాత్ర వేళ తప్పకుండా వెళ్ళమనండి.

పెళ్ళి గురించి. మీ బావగారి భయం గాలిలోంచి పుట్టింది కాదు. ఒకప్పుడు హిందూ వివాహ చట్టమే మూర్ఛను పిచ్చితో ఒకే వాక్యంలో చేర్చి, పెళ్ళికి అడ్డుగా చెప్పింది. 1999లో పార్లమెంటు ఆ మాటను తీసేసింది. ఈ రోజు చట్టం దృష్టిలో మూర్ఛ పెళ్ళికి అడ్డు కాదు, పిచ్చీ కాదు. అయినా దాచి చేయకండి. దాచిన ఇంట్లో పిల్ల మాత్రలను బియ్యం డబ్బాలో దాచుకుని, ఎవరైనా చూస్తారని ఒక్కో రోజు మానేస్తుంది. ఆ మానేసిన రోజే ఫిట్స్ వస్తుంది. అలా వచ్చిన కొత్త కోడళ్ళను నేను చూశాను. పుట్టింటివారు చెప్పలేదన్న కోపం అంతా ఆ పిల్ల మీదే పడుతుంది. అబ్బాయితో ముందే చెప్పండి, కావాలంటే అతణ్ణి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. వెనక్కి తగ్గే సంబంధం ముందే తగ్గడం మేలు. మూర్ఛ ఉన్న తల్లులకు పుట్టే పిల్లల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారు. గర్భం దాల్చాలని అనుకున్నప్పుడే డాక్టరును కలిసి మందు సరిచూసుకుని, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి, అంతే.

మీ మామగారిని కూడా అదే డాక్టరు చూస్తారు. ఒక పని చేయండి. ఆయన టీవీ చూస్తూ చేయి ఒళ్ళో వదిలేసి కూర్చున్నప్పుడు వణుకుతోందా, లేక మంచినీళ్ళ చెంబు ఎత్తినప్పుడు వణుకుతోందా, రెండు రోజులు గమనించండి. ఊరికే ఉన్న చేయి వణకడం, నడిచేటప్పుడు ఆ చేయి ఊగకపోవడం, సంతకం చిన్నగా ముడుచుకుపోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఆలస్యం కావడం కలిసి కనిపిస్తే పార్కిన్సన్ జబ్బును అనుమానించాలి. లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుడు 1817లో దాన్ని వర్ణించింది ఆరుగురిని చూసి. వారిలో కొందరు ఆయనకు వీధిలో కనిపించినవారే. అంతగా కళ్ళతో గుర్తుపట్టగల జబ్బు అది. చెంబు ఎత్తినప్పుడే వణికితే అది చాలావరకు వేరే వణుకు, దాని మందు వేరు. పార్కిన్సన్‌కు ముఖ్యమైన మందు లెవోడోపా. మన పొదల్లో పెరిగే దూలగొండి గింజల్లో ఆ పదార్థమే ఉందని 1937లోనే మన దేశపు శాస్త్రవేత్తలు చూపించారు. అలాగని పొడి కొని నీళ్ళలో కలిపి తాగించకండి. ఏ గింజలో ఎంత ఉంటుందో తెలియదు, ఎక్కువైతే వాంతులు, భ్రమలు. వయసు మీద పడిందని వదిలేయడమూ వద్దు. మందు పడితే ఆయన గుండీలు ఆయనే పెట్టుకోగలుగుతారు.

ఇంకా ఏమేం చూస్తారంటే, వాంతులతో ఒక పక్క తల పగిలిపోయే పార్శ్వపు నొప్పి, చక్కెర జబ్బు వల్ల వచ్చే అరికాళ్ళ మంటలు, పేర్లూ దారులూ మరచిపోయే మతిమరుపు, రాత్రికి రాత్రి మూతి ఒక పక్కకు పోవడం, కాళ్ళ నుంచి మొదలై పైకి పాకే బలహీనత, సాయంత్రమయ్యేసరికి కనురెప్పలు వాలిపోయే కండరాల జబ్బు, మెదడు జ్వరాలు. వీటిలో మూతి పక్కకు పోవడాన్ని, మెదడు జ్వరాన్ని, కాళ్ళ నుంచి పైకి పాకే బలహీనతను మాత్రం ఓపీ రోజు కోసం ఆపకండి. ఆ బలహీనత ఊపిరి కండరాలకు ఎక్కితే ప్రాణం మీదికి వస్తుంది.

ఒక జబ్బు గురించి మీరు అడగలేదు, కానీ ఇంట్లో పెద్దాయన ఉన్నారు కాబట్టి చెప్పకుండా ఉండలేను. పక్షవాతం. నేను కొత్తగా చేరిన రోజుల్లో, మామిడికాయల కాలంలో, ఒక తోట యజమానిని తెచ్చారు. ముందురోజు సాయంత్రం లారీకి కాయలు ఎక్కిస్తుండగా మాట తడబడి, కుడిచేయి వాలిపోయింది. ఇంటివాళ్ళు రాత్రే బయలుదేరారు, కానీ ఆసుపత్రికి కాదు. తైలం రుద్దే చోటికి. మర్నాడు పది గంటలకు మా దగ్గరకు వచ్చేసరికి ఆ చేతికి ఇంకా నూనె వాసన వస్తోంది. ఆయన నా వైపు చూస్తూ ఏదో చెప్పాలని పెదవులు కదిపేవారు, మాట వచ్చేది కాదు. ఆ కళ్ళు నాకు ఇప్పటికీ గుర్తు. రక్తపు గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతంలో, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు మొదటి నాలుగున్నర గంటలే. పెద్ద నాళంలో గడ్డ ఉంటే కొందరికి ఆ తర్వాత కూడా తీగ ద్వారా బయటికి లాగవచ్చు, కానీ ఎంత ముందు వస్తే అంత మెదడు మిగులుతుంది. నవ్వమంటే మూతి ఒక పక్కకు పోయినా, చేతులు చాచమంటే ఒకటి కిందికి జారినా, మాట ముద్దగా వచ్చినా గంట ఎంతయిందో చూసి, 108కి ఫోన్ చేసి, సీటీ స్కానూ ఆ ఇంజెక్షనూ రెండూ ఉన్న ఆసుపత్రికే వెళ్ళండి. తైలం, పసరు, పావురం రక్తం, ఏదీ వద్దు. ఇంట్లో ఉన్న ఆస్ప్రిన్ కూడా వద్దు. అడ్డుపడిందా, నాళం చిట్లిందా అన్నది స్కాన్ తీసేదాకా ఎవరికీ తెలియదు. చివరిసారిగా ఆయన మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకోండి, డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే.

మీకు దగ్గర తిరుపతే. అలిపిరి రోడ్డులో 1993 నుంచి పనిచేస్తున్న స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ, న్యూరోసర్జరీ రెండు విభాగాలూ ఉన్నాయి. చిత్తూరు వైపు వాళ్ళు రాయవేలూరు వెళుతుంటారు. అక్కడి సీఎంసీ ఆసుపత్రిలోనే 1949లో డాక్టర్ జేకబ్ చాందీ దేశంలో తొలి న్యూరోసర్జరీ విభాగం మొదలుపెట్టారు. ఎక్కడికి వెళ్ళినా ఒక్క చోటే నిలకడగా చూపించుకోండి. ఊరూరా తిరిగితే ప్రతి చోటా మందు మొదటినుంచి మొదలవుతుంది. ఖర్చు గురించి, మనకు ఆరోగ్యశ్రీగా అలవాటైన డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ పథకంలో ఏది వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి.

వెళ్ళే ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. రెండు ఫిట్స్ వచ్చిన తేదీలు, వేళలు, ముందు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయిందో రాయండి. గ్లాసు జారడం ఎప్పటినుంచి, వారానికి ఎన్నిసార్లు, ఏ చేతిలోంచి. ఇది మాత్రం పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, మెల్లగా అడిగి రాయండి. ‘చేయి దానంతటదే ఎగురుతోందా అమ్మా’ అని అడిగి చూడండి. ఇన్నాళ్ళూ ఎవరూ అలా అడగలేదు. హాస్టల్ స్నేహితురాలికి ఈ సాయంత్రమే ఫోన్ చేయండి, ఆమె చెప్పింది చెప్పినట్టు కింద రాసుకోండి. డాక్టరు మందు రాశాక, నెల తర్వాత ఎలా ఉందో నాకు మళ్ళీ ఉత్తరం రాయండి. గ్లాసు సంగతి కూడా రాయండి.